పురావస్తు స్థలాలు – విద్యార్థుల బాధ్యత

తెలుగునాట పురాతన చిహ్నమేదీ లేని ప్రాంతం అరుదు. ఊరి చివర పాటిగడ్డ, చెరువుగట్టున శాసనస్తంభం, పొలాల నడుమ కూలిన బురుజు మనకు చిన్ననాటి నుండి పరిచయమైనవే. అందువల్లనే కాబోలు, వాటిని గూర్చి ఆలోచించడం తక్కువ. వీటిని కాపాడవలెనని యువతకు ఉపదేశించినంత మాత్రాన ప్రయోజనం లేదు; ముందుగా వాటిని చదవడం నేర్పవలసి ఉన్నది. విలువ తెలియని వస్తువును ఎవరూ కాపాడరు.

పురావస్తు స్థలం ఒక గ్రంథం వంటిది. మట్టిపొరలే దాని పుటలు. ఎవరూ కదిలించని చోట సాధారణంగా పై పొర కంటె కింది పొర ప్రాచీనమైనది. ఒక నాణెం ఏ పొరలో, ఏ కుండపెంకుల సరసన దొరికినదో తెలిస్తే, ఆ చోట జనులు నివసించిన కాలాన్ని ఊహించడానికి అది తోడ్పడుతుంది. ఎవరో తవ్వి జేబులో వేసుకున్న నాణెం తన్ను గురించి చెప్పుకోగలదే గాని, తాను దొరికిన నేలను గురించి ఏమీ చెప్పలేదు. చిరిగిన పుస్తకానికి మరొక ప్రతి దొరకవచ్చు. తవ్విపోసిన పాటిగడ్డకు రెండవ ప్రతి లేదు.

ఇందుకు అమరావతి మహాస్తూపమే నిదర్శనం. పద్దెనిమిదవ శతాబ్ది చివర అక్కడి దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వారు. 1797లో ఆ స్థలాన్ని చూచిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చి పటాలు, చిత్రాలు గీయించేనాటికి స్తూపం మధ్యభాగం ధ్వంసమై ఉన్నది. శిలాఫలకాలలో కొన్ని ఇతర కట్టడాలలో చేరాయి; కొన్ని సున్నానికి కాలిపోయాయి. మిగిలినవాటిలో అనేకం నేడు చెన్నై, లండన్ ప్రదర్శనశాలలలో ఉన్నాయి. ఏ శిల్పం ఎక్కడ నిలిచి ఉండేదో తెలుసుకోవడానికి పండితులు నేటికీ ఆ చిత్రాలను ఆశ్రయించవలసి వస్తున్నది.

నాగార్జునకొండ కథ వేరు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. ఆ లోయ నీట మునగకముందే 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొలతలు, పటాలు, చిత్రాలు భద్రపరచారు. కొన్ని కట్టడాలను కొండమీదికి తరలించి పునర్నిర్మించారు. లోయ మునిగింది గాని, దానిని గూర్చిన జ్ఞానం మునగలేదు. అమరావతిలో లోపించి, ఇక్కడ సకాలంలో లభించినది శ్రద్ధ.

మరొక మాట. గుడి ఒకరిది, మసీదు మరొకరిది, స్తూపం ఎవరిదీ కాదనే భావన మన వారసత్వానికి గొడ్డలిపెట్టు. గోల్కొండ సుల్తానుల ఫర్మానాలలో ఫారసీ, తెలుగు ఒకే పత్రంపై కనిపిస్తాయి. ఉర్దూ లిపి, తెలుగు లిపి రెండూ ఎరిగిన మన విద్యార్థులకు అట్టి ఆధారాల అధ్యయనంలో మంచి పునాది ఉన్నది. సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి పరిరక్షించడం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చారు.

చట్టమూ ఉన్నది. 1958 నాటి కేంద్ర చట్టాన్ని 2010లో సవరించిన పిమ్మట, రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాని ప్రతి రాతి వద్ద కాపలాదారును నిలపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

కనుక విద్యార్థులు చేయదగినవి కొన్ని ఉన్నాయి. గోడలపై పేర్లు చెక్కరాదు. శాసనానికి సున్నం, రంగు పూయనీయరాదు. అక్షరాల గాడి పూడిపోతే అచ్చు తీయడం కష్టం. భూమిలో ఏదైనా బయటపడితే, కదిలించకుండా ఫోటో తీసి, స్థలం గుర్తించి, అధికారులకు తెలపాలి. పాటిమన్ను పొలాలకు తోలే రైతులను నిందించక, ఆ మన్నులో ఏమున్నదో వారికి వివరించాలి.

కళాశాల సంఘానికి ఒక మనవి. ఏటా ఒక చారిత్రక స్థలాన్ని విద్యార్థులచే పరిశీలింపజేసి, కొలతలు, ఫోటోలు, పెద్దలు చెప్పిన వివరాలతో ఒక రిజిస్టరు గ్రంథాలయంలో ఉంచితే బాగుంటుంది. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. పదేళ్లలో పది స్థలాల చరిత్ర మన చేత ఉంటుంది. వాటిని తమవిగా భావించే పది తరగతుల విద్యార్థులూ ఉంటారు.