సరాయి: బాటసారి హక్కు

దివ్య ఖుర్ఆన్ 'తౌబా' సూరా 60వ ఆయతులో జకాత్‌కు హక్కుదారులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. ఇంటి వద్ద సంపన్నుడైనా సరే, దారిలో నిస్సహాయుడైతే అతనికి హక్కు ఉంది. గుమ్మఘట్ట వంటి కరువు సీమలో ఎండన నడిచినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాదు నుండి మచిలీపట్నం రేవుకు పోయే పాత బాటపై హయాత్‌నగర్ ఉంది. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్ బఖ్షీ బేగం పేరిట వెలసిన ఊరది. 1626లో భర్త మరణించగా, పిన్నవాడైన కుమారుడు అబ్దుల్లా తరఫున రాజ్యభారం మోసిన మహిళ ఆమె. 1667లో కన్నుమూశారు. ఇక్కడి సరాయిలో విశాలమైన ఆవరణ, మస్జిదు, చుట్టూ కమానుల గదులు, సమీపాన పెద్ద దిగుడుబావి. నీరు, నిద్ర, నమాజు ఒకేచోట! ఇటువంటి చోట మస్జిదును మాత్రం కాపాడి గదులను, బావిని, ఖాళీ స్థలాన్ని వదిలేస్తే అది సరాయి అనిపించుకోదు.

ఇదే బాటలో 17వ శతాబ్దంలో ప్రయాణించిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, 'తెనారా' అనే మజిలీని వర్ణించాడు. పేద బాటసారులకు అక్కడ బస ఉచితం. పొద్దుగుంకే వేళ రొట్టె, అన్నం, వండిన కూరలు పంచేవారు. ఇతరులు వండినది ముట్టని హిందువులను ఆకలితో పంపేవారు కారు, వండినది తినమని బలవంతపెట్టేవారూ కారు. రొట్టెలు చేసుకోవడానికి వారికి పిండీ, పైన రాసుకోవడానికి కాస్త వెన్నా ఇచ్చేవారు.