అవసరమా? అలంకారమా?

విజయనగరం నుండి ఒక సోదరి ఇటీవల మా ఇంటి ఆడవారి ద్వారా ఒక ప్రశ్న పంపింది. ఆమె ముగ్గురు బిడ్డల తల్లి. కాన్పుల తరువాత జారిన వక్షోజాలను విశాఖపట్నంలో శస్త్రచికిత్సతో పైకి ఎత్తించుకోవచ్చని ఎవరో చెప్పారట. ఇది ధర్మసమ్మతమేనా అన్నది ఆమె సందేహం. ధర్మం తెలుసుకోవటానికి బిడియపడని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. కనుక ఈ ప్రశ్నకు దాపరికం లేకుండా సమాధానం చెప్పటమే న్యాయం.

ముందుగా వైద్య విషయం. గర్భధారణలో వక్షోజాలు పెరిగి, వాటిని పట్టి ఉంచే చర్మమూ లోపలి తంతువులూ సాగుతాయి. వయసు, బరువు పెరిగి తగ్గటం కూడా ఇందుకు కారణాలే. పాలివ్వటం వలన జారుతాయన్నది అపోహ. ఆ భయంతో ఏ తల్లీ బిడ్డకు పాలు మాన్పరాదు. దివ్యఖుర్ఆన్ (2:233) పాలిచ్చే పూర్తి గడువును రెండేళ్ళుగా తెలిపింది.

ఈ చికిత్సలో మత్తు ఇచ్చి, అదనపు చర్మాన్ని తొలగించి, చనుమొనను పైకి జరిపి కుట్లు వేస్తారు. మచ్చలు కాలక్రమాన మసకబారుతాయే గాని పూర్తిగా పోవు. చనుమొనలో స్పర్శ తగ్గవచ్చు. తరువాతి బిడ్డకు పాలివ్వటం కష్టం కావచ్చు. మరల గర్భం వస్తే ఫలితం నిలవకపోవచ్చు. కాబట్టి కాన్పులు ముగిసి, పాలు మాన్పి కొన్ని నెలలు గడిచే వరకు ఆగమని వైద్యులు చెబుతారు. రొమ్ములో గడ్డ, చనుమొన నుండి రక్తం, చర్మం లోపలికి లాగినట్లుండటం వంటివి కనిపిస్తే అందం మాట పక్కనపెట్టి వెంటనే క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక ధర్మ విషయం. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకొని అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలను శపిస్తూ వచ్చిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. మరొక వైపు, యుద్ధంలో ముక్కు కోల్పోయిన సహాబీ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకోగా అది దుర్వాసన వేసింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనకు బంగారు ముక్కు పెట్టుకోమన్నారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, అవసరం రీత్యా లభించిన అనుమతి ఇది. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా ఇదే భేదాన్ని పాటించింది. లోపాన్ని, హానిని తొలగించే చికిత్సను అనుమతించి, కేవలం కోరిక కోసం రూపం మార్చుకోవటాన్ని వారించింది.

క్యాన్సర్ వలన రొమ్ము తీసివేయబడిన స్త్రీకి దానిని పునర్నిర్మించటం, అధిక భారంతో మెడ, భుజాలు నొప్పెట్టే స్త్రీకి ఆ భారం తగ్గించటం చికిత్సలే. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్నది. ముందు అక్కడ సలహా తీసుకోవచ్చు. స్త్రీ వైద్యురాలు లభిస్తే ఆమెనే ఎంచుకోవాలి. లభించని పక్షంలో మహ్రమ్ గాని నమ్మకమైన స్త్రీ గాని వెంట ఉండాలి, అవసరమైనంత మేరకే పర్దా తొలగించాలి. అందం కోసం చేయించుకునే చికిత్సకు ఆరోగ్య బీమా సాధారణంగా వర్తించదు. అందుకోసం వడ్డీకి అప్పు చేయటం మరొక పాపాన్ని తలకెత్తుకోవటమే.

ఆ సోదరిని నేను రెండు విషయాలు అడిగించాను: నొప్పి గాని, వ్యాధి గాని ఉన్నదా? ఈ ఆలోచన ఎలా కలిగింది? నొప్పి ఏమీ లేదని, భర్త ఒకనాడు పరిహాసంగా అన్న మాట మనసులో నాటుకున్నదని జవాబు వచ్చింది. అలాగైతే ఈ చికిత్సకు ధర్మంలో అవసరం కనిపించటం లేదని, మనోవేదన తీవ్రమైతే ముఫ్తీ గారిని, వైద్యురాలిని సంప్రదించమని చెప్పి పంపాను.

భర్తలకు ఒక మనవి. తల్లి బలహీనతపై బలహీనతను సహిస్తూ బిడ్డను మోస్తుందని అల్లాహ్ లుఖ్మాన్ సూరాలో గుర్తు చేశాడు. మీ బిడ్డలను మోసిన దేహాన్ని ఎగతాళి చేయకండి. అటువంటి మాట ఎన్నడైనా నోరు జారితే, ఈ రాత్రే ఆమెను క్షమాపణ అడగండి.