భయం ఒకచోట, ముప్పు మరోచోట

ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు కాగా, గర్భనిరోధక మాత్రలు వాడేవారు ఒక శాతమైనా లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మాత్రలంటే ఉన్న జంకు ఇందుకు ఒక కారణం. అయితే ఆ జంకు ఉండవలసిన చోట ఉండటం లేదు.

ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ‘మాలా-ఎన్’ గర్భనిరోధక మాత్రల షీటులో 21 తెల్ల మాత్రలు, 7 ముదురు రంగు మాత్రలు ఉంటాయి. తెల్లవాటిలో ఒక్కొక్కదానిలో 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటాయి. స్త్రీ దేహంలో ఊరే రెండు హార్మోన్లను పోలిన మందులు ఇలా ఒకే మాత్రలో కలిసి ఉండటం వల్లనే వీటికి సంయుక్త మాత్రలని పేరు. ముదురు రంగువాటిలో ఉన్నది ఇనుము మాత్రమే; అవి వేసుకునే వారంలో నెలసరి వస్తుంది, రోజూ మాత్ర మింగే అలవాటూ తెగిపోదు. నెలసరి వాయిదా కోసం పెళ్లిళ్లకూ పూజలకూ ముందు వాడే మాత్రలు, 72 గంటలలోపు వేసుకునే అత్యవసర మాత్ర వేరు. మందుల దుకాణంలో అన్నిటినీ ‘పిల్స్’ అనే అడగటంతో వస్తున్న తికమక చిన్నదేమీ కాదు.

సంయుక్త మాత్రల్లోని మందులు అండం విడుదలను ఆపుతాయి, గర్భాశయ ముఖద్వారం వద్ద జిగురును చిక్కబరిచి వీర్యకణాలకు దారి మూసివేస్తాయి. ఒక్కరోజూ తప్పకుండా వాడితే ఏడాదిలో వెయ్యిమందికి ముగ్గురిలోనే గర్భం వస్తుంది, కానీ మరపు తోడైన నిజజీవితంలో అది వందకు ఏడు వరకూ ఉంటుంది. ఒక మాత్ర మరిస్తే గుర్తురాగానే వేసుకోవాలి. వరసగా రెండు లేక అంతకుమించి తప్పితే, మళ్లీ మొదలుపెట్టాక ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి.

మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరన్న మాటకు ఆధారం లేదు, మానితే సంతానశక్తి తిరిగి వస్తుంది. అండాశయ, గర్భాశయ లోపొర కాన్సర్ల ముప్పు తగ్గుతుంది. రొమ్ము కాన్సర్ ముప్పు మాత్రం వాడుతున్నంతకాలం స్వల్పంగా పెరిగి, మానాక క్రమంగా తగ్గుతుంది. అసలు జాగ్రత్త నాళాల్లో రక్తం గడ్డకట్టడం గురించి: ఏటా పదివేల మందిలో వాడనివారిలో 1 నుంచి 5 మందికి, వాడేవారిలో 3 నుంచి 9 మందికి, గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి అది రావచ్చు. అధిక రక్తపోటు, కాలేయ వ్యాధి, కళ్ల ముందు మెరుపులతో మొదలయ్యే పార్శ్వనొప్పి ఉన్నవారు, గతంలో రక్తం గడ్డకట్టినవారు, 35 దాటి పొగతాగేవారు వీటిని వాడకూడదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకూ ఈ చివరి మాట వర్తిస్తుంది. ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చే తల్లులకు ఇవి తగవు. క్షయకు వాడే రిఫాంపిసిన్ వీటి శక్తిని తగ్గిస్తుంది. పిక్కలో వాపు, ఉన్నట్టుండి ఛాతీనొప్పి, ఆయాసం వస్తే మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బీపీ చూడటానికి పట్టేది రెండు నిమిషాలే. మొదటి షీటు తీసుకునే ముందే అది చూపించుకోవాలి.