చిటికెడు సాంబ్రాణి

అబద్ధం కోసం ఎవరైనా ప్రాణాలిస్తారా? తొలి క్రైస్తవ హతసాక్షుల మాట వస్తే ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. దాని బలమెంతో రోమన్ అధికారుల రాతల్లోనే తేలుతుంది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ గవర్నరు ప్లినీ తన విచారణ తీరును ట్రాజన్ చక్రవర్తికి రాసి పంపాడు. క్రైస్తవుడివేనా అని శిక్ష గుర్తుచేస్తూ మూడుసార్లు అడిగేవాడు. కాదన్నవాడు చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేసి, ద్రాక్షసారా సమర్పించి, క్రీస్తును తిడితే ఇంటికి పోవచ్చు. ఔననే పట్టుబట్టినవాడికి మరణమే. 203లో కార్తేజి చెరలో సుమారు 22 ఏళ్ల క్రైస్తవురాలు పెర్పెటువా ముందు తండ్రి మోకరిల్లాడు. ఆమె చేతులు ముద్దాడి, తన నెరిసిన తలను, ఆమె చంటిబిడ్డను చూసైనా దిగిరమ్మని బతిమాలాడు. ఆమె దిగిరాలేదు.

ఇదంతా మూకపిచ్చి అనేవాళ్లున్నారు. అదే అయితే అందరూ చావుకెదురెళ్లాలి కదా! 250లో డీసియస్ చక్రవర్తి అందరూ దేవతలకు బలులివ్వాలని ఆజ్ఞాపించాడు. ఇచ్చినట్టు అధికారులు సంతకం చేసిన పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. బలి ఇచ్చాను, ధారపోశాను, ప్రసాదం తిన్నాను అని వాటి సారాంశం. (ఒకటి మొసలి దేవుడి పూజారిణిది, ఆవిడకూ తప్పలేదు!) చాలామంది క్రైస్తవులు బలి ఇచ్చారు, కొందరు డబ్బిచ్చి పత్రాలు కొన్నారు. వాళ్లను తిరిగి చేర్చుకోవాలా వద్దా అని సంఘం ఏళ్ల తరబడి కొట్టుకుంది. లొంగినవాళ్లు ఇంతమంది ఉన్నారు గనకే లొంగనివాళ్ల నిజాయితీ అనుమానానికి అందదు.

అయితే నిజాయితీ వేరు, నిజం వేరు. తప్పుడు నమ్మకాల కోసం చిత్తశుద్ధితో చచ్చినవాళ్లు ప్రతి మతంలోనూ ఉన్నారు. పెర్పెటువా యేసును చూడలేదు, విని నమ్మింది. దీనికి జవాబుగా, అపొస్తలులు కళ్లారా చూశామన్నదాని కోసమే చనిపోయారంటారు. వాదనకు అసలు ప్రాణం ఇక్కడుంది. ఆధారాలు పలచబడేదీ ఇక్కడే. జెబెదయి కొడుకు యాకోబును హేరోదు కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. యేసు సోదరుడు యాకోబును 62లో రాళ్లతో కొట్టించారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. పేతురు, పౌలుల మరణాలకూ పాత ఆధారాలున్నాయి. మైలాపూరు తోమాతో సహా మిగతావారి కథలు చాలావరకు తర్వాతి తరాల సంప్రదాయం. పైగా యేసు సోదరుడు యాకోబు మీద మోపిన నేరం ధర్మశాస్త్రాన్ని మీరాడని. పేతురు, పౌలుల కాలపు చక్రవర్తి నీరో క్రైస్తవుల మీద వేసింది రోమ్‌ను తగలబెట్టారన్న నింద. మాట మార్చుకుంటే వదిలేస్తామని ప్లినీలా వాళ్లతో ఎవరైనా అన్నట్టు ఈ నేరారోపణలు చెప్పే పాత రాతల్లో ఎక్కడా లేదు.