కొండను చీల్చే నీరు

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రంలో కానన్ అనే కొండ ఉంది. దాని అంచున ముందుకు పొడుచుకు వచ్చిన అయిదు గ్రానైటు బండలుండేవి. కింద చెరువు గట్టున నిలబడి చూస్తే అవి కలిసి ఒక ముసలాయన ముఖాన్ని పక్కనుంచి చూసినట్లే ఉండేవి. నుదురు, ముక్కు, గడ్డం అన్నీ కుదిరాయి. ముఖం ఎత్తు సుమారు 12 మీటర్లు. జనం దాన్ని 'కొండమీది ముసలాయన' అని పిలుచుకునేవారు. 1945లో అది ఆ రాష్ట్రానికి అధికార చిహ్నమయింది. 2000లో నాణెం మీదికి కూడా ఎక్కింది. 2003 మే 3న తెల్లవారి చూస్తే ముఖం లేదు!

పిడుగు పడలేదు, భూకంపం రాలేదు. ఏళ్ల తరబడి పని చేసి ఆ బండలను వదులు చేసినది నీరు.

చాలా పదార్థాలు గడ్డకట్టినప్పుడు కుంచించుకుపోతాయి. నీరు అలా కాదు. దాని అణువులు మంచులో మధ్య మధ్య ఖాళీలు వదిలి అమరుతాయి. అందుచేత ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకుండా గట్టిగా బంధించి ఉంచితే, మైనస్ 22 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మంచు పీడనం వాతావరణ పీడనానికి సుమారు 2,000 రెట్లుంటుంది. గ్రానైటును చీల్చడానికి అందులో పదోవంతు చాలు.

ఇక్కడ మీలో చురుకైనవారు ఒక ప్రశ్న వేయాలి. "రాతి పగులుకు పైన నోరు తెరిచే ఉంటుంది కదా! మంచు అటువైపు ఉబికిపోదా?" మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకాలు తరచు దీన్ని దాటేస్తాయి. స్టీఫెన్ టాబర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతంలో మట్టిని నీటితో కాక బెంజీనుతో తడిపి గడ్డకట్టించాడు. బెంజీను గడ్డకడితే కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి ఉబికింది! అంటే వ్యాకోచం ఒక్కటే కారణం కాదన్నమాట.

అసలు సంగతి ఇది. మంచుకూ రాతికీ మధ్య అతి పలుచని నీటిపొర ఒకటి సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టకుండా మిగిలిపోతుంది. పగులులోని మంచు ఈ పొర గుండా, రాతిలోని సన్నని రంధ్రాల గుండా చుట్టుపక్కల నీటిని తనవైపు లాక్కుంటుంది. దీపపువత్తి నూనెను పీల్చుకోవడం చూశారు కదా, ఇంచుమించు అలాగే. వచ్చిన నీరు వచ్చినట్లు గడ్డకడుతుంది. మంచు లావెక్కి, కట్టెలో దిగిన మేకులాగ గోడలను ఎడం చేస్తుంది. వాల్డర్, హాలెట్ అనే ఇద్దరు 1985లో లెక్కకట్టి చెప్పినదాని ప్రకారం మైనస్ 4 నుంచి మైనస్ 15 డిగ్రీల మధ్య ఈ పని బాగా సాగుతుంది. చలి మరీ ఎక్కువైతే నీరు కదలలేదు.

ఒక్క చలికాలంలో పగులు పెరిగేది వెంట్రుకవాసే కావచ్చు. కాని మంచు కరిగినప్పుడు అది మళ్లీ పూర్తిగా మూసుకోదు. నలిగిన రాతిపొడి అడ్డుపడుతుంది. నీరు ఈసారి ఇంకాస్త లోతుకు దిగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. ఇలా వందలసార్లు, వేలసార్లు!

గోలకొండ దగ్గర దొంతర్లు పెట్టినట్లున్న బండలూ మంచు పనేనా అని అడగకండి. హైదరాబాదులో అంత చలి ఎక్కడిది? అక్కడ నీరు మంచుగా మారకుండానే, నేల అడుగున పగుళ్ల వెంట రాతిని మెత్తబరిచింది. తరువాత మట్టి కొట్టుకుపోయి బండలు బయటపడ్డాయి. అది వేరే కథ.

ముసలాయనను కాపాడాలని జనం తక్కువ పాట్లు పడలేదు. 1916లోనే ఇనుపకడ్డీలతో బండలను బిగించారు. 1957లో శాసనసభ 25,000 డాలర్లు మంజూరు చేసింది. సుమారు 20 టన్నుల సిమెంటుతో పగుళ్లు పూడ్చారు, ఉక్కుకడ్డీలు దిగ్గొట్టారు, వాననీరు పక్కకు పోయేందుకు కాలువ కట్టారు. ఆ కాలువను గమనించండి. శత్రువెవరో వారికి బాగా తెలుసు! కాని పైపగుళ్లను పూడ్చగలం, లోపలి సన్నని దారులన్నిటినీ ఎవరు మూయగలరు? పట్టు వదులైన బండలను చివరకు గురుత్వాకర్షణ కిందికి లాగేసింది. అది రాత్రివేళ జరగడంవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు.

2011లో చెరువు దగ్గర ఉక్కుస్తంభాలు నిలబెట్టారు. మీ ఎత్తుకు తగిన గుర్తు మీద నిలబడి ఒక స్తంభం అంచు వెంట పైకి చూస్తే, ముసలాయన ముఖం మళ్లీ కొండకు అతుక్కున్నట్లు కనిపిస్తుంది.