బండి బ్రేకు అరిగితే

మా చదువుల కేంద్రానికి వచ్చే అక్క ఒకామె ఒక రోజు అడిగింది.

"ఏటమ్మా, మా ఇంటాయన పాత బండి బ్రేకు నొక్కితే గరగరమంటంది. నట్టు బిగిస్తే సరిపోతాదంటాడు. నిజవేనా?"

మంచి ప్రశ్న. ఆ బండి వెనక కూర్చునేది ఆమే. ఒళ్ళో చంటిపిల్ల. చోడవరం నుంచి అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు పోయినా ఆ బండే. పాడేరు మోదకొండమ్మ జాతరకు పోయినా ఆ బండే. బండి నడిపేది ఆయనే కావచ్చు. బ్రేకు సంగతి ఇద్దరికీ తెలియాలి.

పాత బండి చక్రం మధ్యలో గుండ్రటి గిన్నె లాంటిది ఉంటుంది. దాన్ని డ్రమ్ము అంటారు. డ్రమ్ము లోపల చంద్రవంక ఆకారంలో రెండు ముక్కలు ఉంటాయి. అవే బ్రేకు షూలు. షూ అంటే బూటు. బూటుకు అడుగున అట్ట ఉన్నట్టే, ఈ షూకు పైన మందపాటి పట్టీ ఉంటుంది. దాని పేరు లైనింగ్.

కుమ్మరి సారె మీద కుండ తిరుగుతోంది అనుకోండి. కుండ లోపల రెండు చేతులూ పెట్టి రెండు పక్కలకూ అదిమి పట్టండి. కుండ ఆగిపోతుంది. బ్రేకు చేసే పని ఇదే. కాలితో పెడలు నొక్కితే రాడ్డు లాగుతుంది. లోపల షూలు విడిపోయి డ్రమ్మును రాసుకుంటాయి. చక్రం ఆగుతుంది. కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి.

రాసుకున్నది అరుగుతుంది. మన చెప్పు అరగదా? అలాగే లైనింగూ అరుగుతుంది. డ్రమ్ము గట్టి ఇనుము. అందుకే ముందు అరిగేది లైనింగే. అలా అరగాలనే దాన్ని మెత్తగా చేశారు.

ఇప్పుడు నట్టు సంగతి. వెనక చక్రం దగ్గర బ్రేకు రాడ్డు చివర ఒక నట్టు ఉంటుంది. లైనింగ్ అరిగిన కొద్దీ లోపల సందు పెరుగుతుంది. పెడలు లోతుకు దిగిపోతుంది. అప్పుడు నట్టు బిగిస్తారు. బ్రేకు మళ్ళీ పైనే పట్టుకుంటుంది. "బాగైపోయింది" అనుకుంటాం. బాగవలేదు. సందు తగ్గింది, అంతే. లైనింగ్ పెరగలేదు కదా!

లైనింగ్ అరిగిందని బయటి నుంచే తెలుసుకోవచ్చు. నట్టు దగ్గర వంగి చూడండి. బిగించడానికి ఇంకా మర మిగిలి ఉందా? మర చివరికి వచ్చేస్తే లోపల లైనింగ్ అయిపోవచ్చినట్టే. చాలా బండ్లకు చక్రం పక్కన చిన్న బాణం గుర్తు కూడా ఉంటుంది. ఒకరు బ్రేకు గట్టిగా నొక్కాలి. ఇంకొకరు చూడాలి. బాణం కదిలి ఎదురుగా ఉన్న గుర్తును తాకితే షూలు మార్చాలి. మరీ పాత బండ్లకు ఈ బాణం ఉండదు. వాటికి షూలు విప్పి చూడటమే మార్గం. చిన్న బండ్లకు కొత్త లైనింగ్ మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అగ్గిపుల్ల మందానికి, అంటే 2 మిల్లీమీటర్లకు వస్తే ఇక వాడకూడదు.

కీచుమన్న ప్రతిసారీ అరిగినట్టు కాదు. వానలో తడిసినా, దుమ్ము చేరినా కీచుమంటుంది. గరగరమని ఇనుము గీసినట్టు వినబడితే మాత్రం బండి ఆపేయాలి. కొన్ని షూలకు లైనింగును రివెట్లతో బిగిస్తారు. పట్టీ అరిగిపోతే ఆ రివెట్లు బయటపడి డ్రమ్మును గీస్తాయి.

ఇప్పటి బండ్లకు కొత్త షూల జత సులువుగా దొరుకుతుంది. కొనేయడమే మేలు. పాత బండ్లతోనే చిక్కు. యెజ్డీ బండ్లు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో ఆ పేరుతో మళ్ళీ బండ్లు వచ్చాయి గాని, అవి వేరు. ఇలాంటి పాత బండ్లకు ఉన్న షూలకే కొత్త లైనింగ్ వేయిస్తారు. పాత పట్టీ ఊడదీస్తారు. షూను శుభ్రం చేస్తారు. కొత్త పట్టీని రివెట్లతో గాని, వేడి చేసి గట్టిపరిచే జిగురుతో గాని అంటిస్తారు. ఇంట్లో ఉన్న జిగురుతో మనమే అంటిద్దాం అనుకోవద్దు. నడుస్తుండగా పట్టీ ఊడితే చక్రం బిగుసుకుపోతుంది. రెండు షూలకూ ఒకేసారి వేయించాలి. లైనింగుకు నూనె, గ్రీజు తగలకూడదు. డ్రమ్ములో లోతుగా గీతలు పడితే లేత్ మిషను మీద చెక్కించాలి.

ఇంకొక మాట. ఇది మన ఆడవాళ్ళకు మరీ ముఖ్యం. పాత లైనింగులలో రాతినార కలిపేవారు. దాన్నే ఆస్బెస్టాస్ అంటారు. ఇంటి మీద వేసే సిమెంటు రేకుల్లో ఉండేది కూడా అదే. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా జబ్బు చేయవచ్చు. క్యాన్సరు కూడా రావచ్చు. 1965లో లండన్ డాక్టర్లు ఒక పరిశోధన అచ్చు వేశారు. రాతినార పని చేసేవారికే కాదు, వాళ్ళ బట్టలు ఉతికిన భార్యలకు కూడా ఆ జబ్బు వచ్చిందని అందులో తేలింది. అవి ఫ్యాక్టరీ బట్టలు. బ్రేకు దుమ్ము అంత ఉండదు. అయినా జాగ్రత్త పడటానికి ఖర్చేమీ లేదు.

డ్రమ్ము విప్పినప్పుడు నోటితో ఊదవద్దని చెప్పండి. గాలి పంపుతో కొట్టవద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. అప్పుడు పిల్లలు దగ్గర ఉండకూడదు. ఆ పని చేసిన బట్టలు దులపకండి. విడిగా నీళ్ళలో నానబెట్టి ఉతకండి. కొత్త షూలు కొనేటప్పుడు పొట్లం మీద చూడండి. రాతినార లేదని ఆంగ్లంలో రాసి ఉందా? బడికి పోయే పిల్లల చేత చదివించండి.

కొత్త లైనింగ్ వేసిన మొదటి రోజుల్లో బ్రేకు గట్టిగా పట్టదు. పట్టీ డ్రమ్ముకు సర్దుకోవాలి. అంతవరకు నెమ్మదిగా పోవాలి. బరువు వేయకూడదు. ఘాటీ దిగేటప్పుడు ఎప్పుడూ చిన్న గేరులోనే దిగాలి. దిగినంత సేపూ బ్రేకు నొక్కే ఉంచితే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది.

ఆ అక్క ఇంటికి పోయి నట్టు చూసింది. మర చివరికి వచ్చేసింది. షూలు విప్పిస్తే ఒక పక్క రివెట్టు పైకి తేలి ఉంది. డ్రమ్ము మీద చిన్న గీతే పడింది. లైనింగ్ వేయించారు. పాత షూ ముక్కను చూపిస్తానని ఆమె మా కేంద్రానికి తెచ్చింది, తడిగుడ్డలో చుట్టి.