జవాబు దొరికింది, డౌటు తీరిందా?

ఇంటర్ బైపీసీలో జన్యుశాస్త్రం చదివే పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి లెక్క ఎదురవుతుంది. భార్యాభర్తలిద్దరూ సికిల్ సెల్ రక్తహీనతకు వాహకులు. ఇద్దరికీ జబ్బు లేదు కానీ, లోపమున్న జన్యువు ఇద్దరిలోనూ ఒక్కొక్కటి ఉంది. వాళ్లకు నలుగురు పిల్లలు పుడితే కనీసం ఒక్కరికైనా జబ్బు వచ్చే అవకాశం ఎంత? తడుముకోకుండా నూటికి నూరు శాతం అనేసేవాళ్లు చాలామంది ఉంటారు. పాఠంలో నాలుగో వంతు అని ఉంది, పిల్లలు నలుగురు, కాబట్టి ఒకరికి తప్పదని వాళ్ల లెక్క. సరైన జవాబు 256లో 175, అంటే సుమారు 68 శాతం. కీ చూసి కంగుతిన్న విద్యార్థి లెక్చరర్ దగ్గరికో, సీనియర్ దగ్గరికో, ఫోన్లో యాప్ దగ్గరికో వెళ్లి 'ఈ లెక్క రావట్లేదు' అంటాడు. వాళ్లు మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తారు, అతను నోట్సులో ఎక్కించుకుంటాడు. దీన్నే మనం డౌటు తీర్చడం అంటున్నాం. నిజానికి అక్కడ తీరింది ఆ లెక్క ఒక్కటే, డౌటు చాలావరకు ఉన్నచోటే ఉంది.

ఎందుకంటే ఒకే తప్పు జవాబు వెనక వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఒకరికి జీవశాస్త్రమే అంది ఉండదు. తల్లి తన దగ్గరున్న ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి, తండ్రి తన రెండింట్లో ఒకటి ఇస్తారని, లోపమున్న ప్రతి తల్లి నుంచి వచ్చే అవకాశం సగం, తండ్రి నుంచి వచ్చే అవకాశం సగం, ఆ రెండు సగాలను గుణిస్తేనే నాలుగో వంతు వచ్చిందని తెలియక, ఆ అంకెను బట్టీ పట్టి ఉంటారు. ఇంకొకరికి అదంతా తెలుసు కానీ నాలుగో వంతును వంతులవారీ పంపకం అనుకుంటారు. ప్రతి కాన్పూ వేరని, మొదటి బిడ్డకు జబ్బు వచ్చినంత మాత్రాన రెండో బిడ్డకు అవకాశం తగ్గదని తట్టదు. మూడో విద్యార్థికి ఈ రెండూ తెలుసు, 'కనీసం ఒక్కరికైనా' అన్నచోట ఆగిపోతాడు. ఒక్కరికీ రాని అవకాశం కట్టి దాన్ని ఒకటిలోంచి తీసేయాలన్న ఉపాయం అతనికి తెలియదు. ఒక బిడ్డకు రాని అవకాశం 3/4, నలుగురికీ రానిది 81/256, మిగిలిందే 175/256. ముగ్గురికీ ఇదే పరిష్కారం చూపిస్తే ముగ్గురూ తలూపుతారు. రేపు ప్రశ్న మారి 'సరిగ్గా ఒక్కరికే వచ్చే అవకాశం' అని అడిగితే, దానికి 108/256 అని, అంటే సుమారు 42 శాతమని చెప్పగలవాళ్లు ఎందరు?

ఇలాంటి డౌటు తీరకపోవడానికి మన చదువుల అమరిక కూడా కారణమే. పదో తరగతి కాగానే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ అని రెండు దారుల్లోకి పంపిస్తాం. లెక్కలంటే భయమున్న పిల్లలకు బైపీసీ సలహా ఇస్తాం. తీరా అక్కడికి వెళ్లాక లెక్కలు వేరే వేషంలో ఎదురవుతాయి. మనిషిలోని 23 జతల క్రోమోసోములు క్షయకరణ విభజనలో ఎన్ని రకాలుగా విడిపోవచ్చంటే రెండును 23 సార్లు వేసి గుణించాలి, జవాబు 83,88,608. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా ఒక్కటి, ఏ అడ్డూ లేకపోతే, పది గంటల్లో 107 కోట్లు దాటుతుంది. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడిపోతే చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, లాగరిథమ్ తెలిసినవాళ్లకు హైడ్రోజన్ అయాన్ల గాఢత దాదాపు రెట్టింపైందని అర్థమవుతుంది. ఇలాంటిచోట ఆగిపోయిన బైపీసీ విద్యార్థికి జువాలజీ లెక్చరర్ 'అది లెక్కల సంగతి' అంటే, అడగడానికి ఆ గ్రూపులో లెక్కల లెక్చరరే ఉండరు. రెండు సబ్జెక్టుల సరిహద్దులో పుట్టిన డౌటుకు దిక్కు లేకుండా పోతుంది.

ఆ సరిహద్దు మనం గీసుకున్నదే. బఠానీ మొక్కల మీద పనిచేసిన మెండెల్ వియన్నా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం, గణితం చదివినవాడు. 1866లో అచ్చయిన ఆయన వ్యాసానికి ప్రాణం అందులోని లెక్కింపే. రెండో తరంలో గుండ్రటి గింజలు 5,474, ముడతల గింజలు 1,850 అని లెక్కపెట్టాడు కాబట్టే ఆ నిష్పత్తి మూడుకు ఒకటి దగ్గరికి వచ్చిందని గమనించగలిగాడు. గణితం వైపు నుంచి జీవశాస్త్రం వైపు వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్ తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను విశ్లేషించాడు. అక్కడ ఆయనకు పరిశోధనా మార్గదర్శకుడైన ఆర్.ఎ.ఫిషర్ ఆ రోజుల్లో జన్యుశాస్త్ర ఆచార్యుడు.

సాయం ఎలా అడగాలో, ఎలా చేయాలో నేర్పే మంచి ఉదంతం కూడా ఈ సరిహద్దులోనే జరిగింది. 1908లో కేంబ్రిడ్జి జీవశాస్త్రవేత్త పనెట్‌కు ఒక చిక్కు వచ్చింది. పొట్టివేళ్ల లక్షణం బహిర్గతమైనదైతే, తరాలు గడిచేకొద్దీ అది జనంలో పెరుగుతూ నలుగురిలో ముగ్గురికి ఉండాలి కదా, మరి ఎందుకు లేదు? తప్పు ఎక్కడుందో తేల్చుకోలేక, తనతో క్రికెట్ ఆడే గణితవేత్త హార్డీని అడిగాడు. తర్వాతి రోజుల్లో రామానుజన్‌ను ఇంగ్లండుకు రప్పించిన హార్డీయే ఈయన. ఎక్కాల స్థాయి గణితంతోనే తేలిపోయే విషయమని చూపిస్తూ ఆయన 'సైన్స్' పత్రికకు చిన్న లేఖ రాశాడు. బయటి ఒత్తిళ్లు లేని పెద్ద జనాభాలో, జతలు యాదృచ్ఛికంగా కుదిరితే, ఆ నిష్పత్తులు తరతరానికీ అలాగే నిలుస్తాయన్నది దాని సారాంశం. అదే ఏడాది జర్మన్ వైద్యుడు వైన్‌బర్గ్ కూడా విడిగా ఇదే తేల్చాడు. మనం గమనించాల్సింది పనెట్ అడిగిన తీరు. జన్యువుల సంగతంతా తాను చూసుకుని, తనకు అందని ఒక్క ముడినే హార్డీ ముందు పెట్టాడు. హార్డీ కూడా ఆ ఒక్క ముడినే విప్పాడు.

హార్డీ, వైన్‌బర్గ్ తేల్చిన ఈ సూత్రం మీద ఇంటర్ పిల్లలు చేసే లెక్క చూడండి. ఒక జనాభాలో వందకు ఒకరికి అంతర్గత లక్షణంగా వచ్చే జబ్బు ఉంది, వాహకులు ఎందరు? చాలామంది 0.01ని నేరుగా లోపమున్న జన్యువు పౌనఃపున్యంగా తీసుకుని వందకు సుమారు ఇద్దరు అంటారు. నిజానికి 0.01 అనేది ఆ పౌనఃపున్యానికి వర్గం. వర్గమూలం 0.1, కాబట్టి వాహకులు రెండు ఇంటూ 0.9 ఇంటూ 0.1, అంటే వందకు 18 మంది. ఇక్కడ పూర్తి పరిష్కారం అక్కర్లేదు. 'జబ్బు రావాలంటే ఒక మనిషికి ఆ జన్యువు ఎన్ని ప్రతులు కావాలి?' అన్న ఒక్క ప్రశ్న చాలు, మిగతాది విద్యార్థే చేసుకుంటాడు. ఇది మార్కులతో ఆగే సంగతి కూడా కాదు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఆంధ్ర, తెలంగాణ గిరిజన ప్రాంతాలకూ వర్తిస్తుంది. రేపు అక్కడి ఆసుపత్రుల్లో దంపతులకు 'నాలుగో వంతు' అంటే ఏమిటో చెప్పాల్సింది ఈ బైపీసీ పిల్లలే.

చేసిపెట్టే సాయం నష్టం కూడా చేయొచ్చని తుర్కియేలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో లెక్కలు చేయించి, కొందరికి మామూలు చాట్‌బాట్‌ను, కొందరికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా తీర్చిన చాట్‌బాట్‌ను ఇచ్చారు. సాధన వేళ మామూలు బాట్ వాడినవాళ్లు 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏ బాటూ వాడని పిల్లలకంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపు జరగలేదు. వాళ్లు పరీక్షలో మిగతావాళ్లను మించిపోలేదన్నదీ నిజమే. కాబట్టి సూచన ఇవ్వడం మంత్రమేమీ కాదు, కానీ జవాబు అందించడంలో ఉన్న ప్రమాదం మాత్రం స్పష్టం. జ్ఞాపకశక్తి మీద ఆధారపడే పాఠాల్లోనూ ఇలాంటి తేడాయే కనిపించింది. 2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్లను, చదివాక పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లను పోల్చారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

జవాబు అందించొద్దన్న ఈ మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. ఓనమాలు తెలియని పిల్లవాడికి సూచనలిస్తే ఏం లాభం, ముందు ఒకసారి చేసి చూపించాలి కదా? నిజమే. 1985లో స్వెల్లర్, కూపర్ బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో, మొదట్లో పూర్తిగా చేసిన లెక్కలు చదివిన పిల్లలు, సొంతంగా తంటాలు పడ్డవాళ్లకంటే త్వరగా నేర్చుకున్నారు, అలాంటి లెక్కల్లో తప్పులూ తక్కువ చేశారు. అయితే అది కొత్తగా నేర్చుకునేవాళ్ల సంగతి. పట్టు చిక్కేకొద్దీ అదే సాయం పనికిరాకపోగా అడ్డుపడుతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అందుకే మొదటి లెక్క పూర్తిగా చేసి చూపించాలి, రెండోదాంట్లో చివరి స్టెప్పు విద్యార్థికి వదలాలి, మూడోదాంట్లో చివరి రెండు వదలాలి. మన దగ్గర మొదటి లెక్కకూ, యాభయ్యో లెక్కకూ సాయం ఒకేలా అందుతోంది, ఇబ్బందంతా అక్కడే.

రెండో అభ్యంతరం టైముది. నీట్‌లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. సిలబస్ కొండంత, సెక్షన్ నిండా పిల్లలు, ఒక్కొక్కరు ఎక్కడ ఆగారో కూర్చుని కనిపెట్టే తీరిక లెక్చరర్‌కు ఎక్కడిది? పైగా షార్ట్‌కట్ తెలిస్తే బిట్లు చకచకా అయిపోతాయి కదా అంటారు. నిమిషానికో ప్రశ్న చేయాల్సినచోట ఎవరినీ అడిగే వీలు ఉండదు, అందువల్ల ఒంటరిగా ఆలోచించే అలవాటే అక్కడ ఎక్కువ అవసరం. షార్ట్‌కట్ కూడా అది ఎక్కడ చెల్లుతుందో తెలిసినవాడికే పనికొస్తుంది. ఇక టైము సంగతి. ఆగినచోటు తెలిస్తే సాయానికి పట్టేది రెండు నిమిషాలు, తెలియనప్పుడే ఒకే డౌటు మూడుసార్లు తిరిగొస్తుంది.

ఆగినచోటు చెప్పగలిగితే డౌటు ఎందుకుంటుంది అన్నది మూడో అభ్యంతరం. నలుగురి ముందు 'ఇది కూడా రాదా' అనిపించుకోవాల్సి వస్తుందన్న బెరుకు దానికి తోడు. అందుకే ఆ చోటును వెతికే పనిని కాగితం మీదికి తేవాలి. ఏమిచ్చారు, ఏమడిగారు, ఎంతవరకు చేశాను, ఏ వరుస దగ్గర ఆగాను అని నాలుగు ముక్కలు రాసుకున్నాకే అడగాలన్న నియమం స్టడీ అవర్లో పెట్టొచ్చు. లెక్కలు చేసే పద్ధతి గురించి 1945లో పుస్తకం రాసిన పోయా కూడా ఇలాంటి ప్రశ్నలతోనే మొదలుపెట్టాడు. చదువుకోని తల్లిదండ్రులు కూడా ఇంట్లో ఈ నాలుగూ అడగగలరు, జవాబు తెలియాల్సిన పని లేదు. రాస్తూ ఉండగానే కొందరికి ముడి విడిపోతుంది. విడిపోనివాళ్ల చేతిలో లెక్చరర్‌కు చూపించదగ్గ కాగితం ఉంటుంది.

సాయం చేసినవాళ్లు కూడా తమ పనిని ఒక్క గీటురాయితో చూసుకోవచ్చు. అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. అంకెలు మార్చి, ప్రశ్న కొంచెం తిప్పి, ఇంకో లెక్క ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. విద్యార్థి దాన్ని ఎవరి సాయం లేకుండా చేస్తే డౌటు తీరినట్టు. చేయకపోతే ఈసారి ఏ వరుసలో ఆగాడో చూసి, సాయం అక్కడినుంచి మొదలుపెట్టాలి.